మూడో తాళంచెవి

తాళాలక్కతో తగువు పెట్టుకోవడం కంటే తలుపు బద్దలు కొట్టుకుని ఇంట్లోకి పోవడమే సుఖమని ఆ వీధిలో వాళ్ళు అనుకునేవాళ్ళు. తాళంచెవి పారేసుకుని ఆమె కొట్టు ముందు నిలబడ్డ ప్రతివాడికీ ముందు చీవాట్లు పడేవి, తర్వాతే తాళంచెవి వచ్చేది. "తల పారేసుకోలేదు, అదే సంతోషం" అనేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఎవరో పెద్దమనిషి ఒకసారి బుద్ధి చెప్పబోయాడు. "ఊరు మంచిదైపోతే నా కొట్టుకి గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా?" అని అతణ్ణి వచ్చిన దారినే పంపించింది.

కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. జిరాక్సు షాపుకీ బట్టలు కుట్టేవాడి గదికీ మధ్య, మెట్ల కింద మిగిలిపోయిన చోటు. నిలబడితే తలకి మెట్టు తగులుతుంది కాబట్టి రోజంతా కూర్చునే పని. గోడ నిండా ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు, బల్ల మీద ఆకురాళ్ళు, కోత మిషను, ఎంత తుడిచినా పోని ఇనుప రజను. అది తండ్రి చేసిన పని. అన్నకి చేతికి నూనె అంటడం నచ్చలేదు, చెల్లెలికి నచ్చింది, అంతే కథ. మొగుడు కొట్టు బయట స్టూలు మీద కూర్చుని బిల్లులు రాసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. "ఈ వీధిలో గృహహింస అంటూ ఉంటే అది వీళ్ళింట్లోనే, పాపం ఆయన" అని కుట్టేవాడు ఓసారి జోకేశాడు. అందరూ నవ్వారు. మొగుడు కూడా నవ్వాడు. తాళాలక్క మాత్రం నవ్వలేదు. తర్వాత ఆ కుట్టేవాడి షట్టరు మొరాయిస్తే బతిమాలినా చెయ్యి వెయ్యలేదు. ఆ మాట ఎందుకు నవ్వులాట కాదో ఆమెకి తెలుసు. చాలా ఇళ్ళ గుమ్మాల దగ్గర చూసింది.

ఇంట్లో దెబ్బలు తిని బయటపడ్డ ఆడవాళ్ళకి సాయం చేసే సంస్థ ఒకటి ఉంది. తలదాచుకోవడానికి గది, వాదించడానికి వకీలు, పిల్లలకి బడి ఫీజు, వీటితో పాటు మరో చిన్న పని కూడా వాళ్ళు చేయించేవాళ్ళు. మొగుణ్ణి ఆ ఇంట్లో అడుగు పెట్టొద్దని కోర్టు చెప్పాక, ఆ తలుపు తాళం మార్పించడం. కోర్టు కాగితానికి భయపడని మగాళ్ళు బోలెడుమంది ఉంటారు. తాళానికి ఎవడూ భయపడక్కర్లేదు, అది తెరుచుకోకుండా ఉంటే చాలు. సంస్థ పెట్టిన పెద్దావిడ తాళాలక్కని వెతుక్కుంటూ వచ్చి, "నువ్వు బాగా తిడతావట కదా, మంచిది. ఆ మొగుళ్ళు మెట్ల మీద ఎదురుపడితే పనికొస్తుంది" అని చెప్పి పని అప్పగించింది. ఏళ్ళ తరబడి ఆ పని ఏ గొడవా లేకుండా సాగింది.

తర్వాత పెద్దావిడ మంచాన పడింది. చందాలు ఎండిపోయాయి. అప్పుడొచ్చింది ఒక పెద్ద ట్రస్టు, సంచుల కొద్దీ డబ్బుతో, సంచులకి మించిన షరతులతో. వాళ్ళ తరఫున ఒక మేనేజరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడని చెప్పలేం. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. ఇల్లు తగలబడుతోందని చెప్పినా అదే నవ్వు, ఆర్పేశారని చెప్పినా అదే నవ్వు. తాళాలక్క అతనికి ఇకిలింపు అని పేరు పెట్టేసింది.

ఒకరోజు ఇకిలింపు ఆమెని పిలిపించి కుర్చీ చూపించాడు.

"అక్కగారూ, చిన్న మార్పండీ. మీరు బిగించే తాళం దాతల డబ్బుతో కొన్నది. అంటే అది సంస్థ ఆస్తి. ఆస్తి అన్నాక దాని తాళంచెవి ఒకటి ఆఫీసులో ఉండాలి. ఆడిట్ వాళ్ళు అడుగుతారు."

"తలుపు ఎవరిది?"

"తలుపు వాళ్ళదేనండీ. తాళం మనది."

"లోపల పడుకునే ఆడమనిషో? ఆమె ఎవరి లెక్కలోకి వస్తుంది?"

"మీరు భలే మాట్లాడతారండీ" అని నవ్వాడు.

"నవ్వకు బాబూ. తాళంచెవి ఒకటి బయట ఉంటే ఇంక తాళం దేనికి? తలుపుకి దారం కట్టుకోమను, సరిపోతుంది."

"మన దగ్గరుంటే బయట ఉన్నట్టు కాదు కదండీ. తాళంచెవి అందకపోతే బిల్లు పాసవదు. బిల్లులు లేకపోతే ఈ పద్దు ఎవరికీ అవసరం లేదని వచ్చే ఏడు ట్రస్టు వాళ్ళు తీసేస్తారు. అప్పుడు నష్టం మీకూ నాకూ కాదు, ఆ ఆడవాళ్ళకి."

అంటే కత్తి వాళ్ళ మెడ మీద పెట్టి బేరం ఆమెతో ఆడుతున్నాడన్నమాట. పైగా తీసుకెళ్ళి ముందు గదిలో కొత్త బీరువా చూపించాడు. అద్దాల తలుపులు, లోపల దీపాలు, వరసగా కొక్కేలు. ఒక్కో కొక్కెం కింద పేరూ ఇంటి చిరునామా రాసిన చిన్న అట్టముక్క. పైన పెద్ద అక్షరాలతో "ఒక్కో తాళంచెవి ఒక్కో జీవితం" అని రాయించారు. చూడ్డానికి వచ్చిన దాతలకి ఇంతకు ముందు చూపించడానికి ఏమీ ఉండేది కాదని, ఇప్పుడు ఇది ఉందని ఇకిలింపు సంబరంగా చెప్పాడు. తాళాలక్కకి ఒళ్ళు మండిపోయింది. బాధపడ్డవాళ్ళ గుమ్మాలని గాజు వెనక వేలాడదీసి బంధువులకి పెళ్ళి ఆల్బం చూపించినట్టు చూపిస్తారా అని అక్కడికక్కడే ఒంటికాలి మీద లేచింది. అతను ఓపిగ్గా మొత్తం విని, "మీ సేవాభావం నాకు తెలుసండీ" అన్నాడు.

ఇంటికొచ్చి మొగుడి మీద పడింది. పని మానేస్తానంది.

"మానెయ్యి" అన్నాడు మొగుడు. బిల్లుల్లోంచి తలెత్తి, "నువ్వు మానేస్తే ఇంకొకణ్ణి పెడతారు. వాడికి నీలా ఒళ్ళు మండదు. అడిగినవన్నీ ఇచ్చేస్తాడు" అని చెప్పి మళ్ళీ బిల్లుల్లో తలదూర్చేశాడు. ఏడాదికోసారి నోరు విప్పినా ఆయన ఉన్న మాటే చెప్తాడు. ఆమెకి మింగాలేక కక్కాలేక రాత్రంతా నిద్ర పట్టలేదు.

కొత్త రూలు వచ్చాక పడ్డ మొదటి పని ఒక నర్సు ఇంట్లో. మూడంతస్తుల భవనంలో రెండో అంతస్తు. నర్సు చాలావరకు నైట్ డ్యూటీలు చేస్తుంది, పగలు పడుకుంటుంది. మొగుడు బ్యాంకులో ఉద్యోగం, తెల్ల చొక్కా, మెత్తటి మాట. ఆమె ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగి సరిగ్గా అతుక్కోలేదు. తాళాలక్క అది చూసింది. పాత తాళం విప్పి కొత్తది బిగించి, తాళంచెవుల గుత్తి బయటికి తీసింది.

"ఎన్నక్కా?" అంది నర్సు.

"మూడు. రెండు నీకు."

"మూడోది?"

"ఆఫీసులో పెడతారట. రూలట."

నర్సు మొహం పాలిపోయింది. "అయితే నాకొద్దక్కా. పాతదే బిగించెయ్యి."

"నీకేమైనా పిచ్చా?"

"ఆయన సంగతి నీకు తెలీదు. ఆయన కొట్టేది ఇంట్లోనే. బయట అందరికీ ఆయనంటే ఇష్టం. మా అమ్మకి కూడా. వారం తిరిగేసరికి ఆ తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. పాత తాళమే ఉంటే ఎప్పుడైనా వస్తాడని తెలిసి మెలకువగా ఉంటాను. కొత్తది ఉంటే ధైర్యంగా నిద్రపోతాను. అది ఇంకా ప్రమాదం."

తాళాలక్క సంచిలోంచి ఆకురాయి తీసింది. గుమ్మంలోనే చతికిలబడి మూడో తాళంచెవి పళ్ళలో ఒకటి అరగదీసింది. పనిలో పనిగా మెడ దగ్గర లోతుగా ఒక గాటు కూడా పెట్టింది. తాళంలో దూర్చి చూపించింది. దూరింది, తిరగలేదు.

"ఇదీ వాళ్ళకిచ్చేది" అంది. "కొక్కేనికి తగిలించుకుని దండం పెట్టుకోమను."

నర్సు ఏడుస్తూ నవ్వింది. తాళాలక్కకి చాలా రోజుల తర్వాత మనసు తేలికైంది. ఆ తర్వాత బిగించిన ప్రతి తాళానికీ అదే పద్ధతి. అద్దాల బీరువా నిండింది. బిల్లులు పాసయ్యాయి. ఆడిట్ వాళ్ళు వచ్చి కొక్కేలు లెక్కపెట్టుకుని మెచ్చుకుని వెళ్ళారు. ఎవరూ ఏ తాళంచెవినీ ఏ తాళంలోనూ పెట్టి చూడలేదు. ఎందుకు చూస్తారు? కర్ర విరగలేదు, పాము చచ్చింది అనుకుంది తాళాలక్క.

పాము చావలేదు. ఒక మధ్యాహ్నం నర్సు మొగుడు తెల్ల చొక్కా వేసుకుని ఆఫీసుకొచ్చాడు. ముందు గదిలో కూర్చునే అమ్మాయిని చెల్లెమ్మా అని పిలిచాడు. తన ఇంటి తాళంచెవి తన దగ్గర లేదని, ఊరెళ్ళి వచ్చేసరికి తాళం మార్చారని, లోపల మందులున్నాయని చెప్పాడు. ఆ అమ్మాయి రూలు ప్రకారం గుర్తింపు కార్డు చూపించమంది. చూపించాడు. కార్డు మీద చిరునామా, కొక్కెం కింద చిరునామా అచ్చంగా ఒకటే. ఎందుకు కాదూ, నిన్న మొన్నటి దాకా అతనూ అక్కడే ఉండి ఆమెని కొట్టాడు కదా! సంతకం పెట్టించుకుని తాళంచెవి చేతికిచ్చింది, మంచినీళ్ళు కావాలా అని కూడా అడిగింది.

నర్సు లోపల నిద్రలో ఉంది. తాళంలో ఇనుము గీరుకుంటున్న చప్పుడుకి లేచింది. వాడు ముందు మెల్లగా తిప్పాడు, తర్వాత గట్టిగా తిప్పాడు, ఆ తర్వాత భుజంతో తలుపు గుద్దుతూ తిప్పాడు. నర్సు లోపల గడియ వేసి, తలుపుకి వీపు ఆనించి కూర్చుని, చేతిలో కూరగాయల కత్తి పట్టుకుంది. తాళంచెవి మెడ దగ్గర పుటుక్కున విరిగింది. పైఅంతస్తు ముసలాయన దొంగ దొంగ అని కేకలు పెట్టేసరికి వాడు చొక్కా సర్దుకుని దిగిపోయాడు. దిగిపోయి ఎక్కడికెళ్ళాడు? తిన్నగా ఆఫీసుకే, ఫిర్యాదు చెయ్యడానికి.

మర్నాడు పొద్దున్నే తాళాలక్కకి కబురొచ్చింది. వెళ్ళేసరికి ఇకిలింపు మొహంలో మొట్టమొదటిసారి నవ్వు లేదు. బల్ల మీద విరిగిన తాళంచెవి తల ఉంది.

"ఇది మీరిచ్చిందేనా?"

"నేనిచ్చిందే. నీ బీరువాలో వేలాడాలి కదా, విరిగి బల్ల మీదెందుకుంది?"

"ఆయన తెచ్చి ఇచ్చి వెళ్ళారు. ఎంత ఇబ్బంది పడ్డారో తెలుసా అండీ? ఎంతసేపు తిప్పినా తిరగలేదట. పైవాళ్ళు దొంగ అని అరిచారట. పాపం, పరువుగల మనిషి."

తాళాలక్క బల్ల అంచు పట్టుకుంది. "ఏ ఆయన?"

"ఆ ఇంటాయన."

"ఆ గుమ్మం తొక్కొద్దని కోర్టు చెప్పిన ఆయనేనా?"

"ఆ కాగితం వకీళ్ళ విభాగంలో ఉంటుందండీ, మాకు రాదు. మా రూలు ఏంటంటే, కార్డు చూడాలి, చిరునామా సరిపోవాలి, సంతకం తీసుకోవాలి. అన్నీ జరిగాయి. తప్పు మా వైపు లేదు. తప్పు తాళంచెవిలో ఉంది."

"అది తిరిగి ఉంటే?"

"తిరిగి ఉంటే ఈ ఫిర్యాదే వచ్చేది కాదు కదండీ."

వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. తాళాలక్కకి అతణ్ణి కొట్టాలనిపించింది. చెయ్యెత్తలేదు కానీ నోరు ఆగలేదు. "దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి, తలుపు తెరుచుకోలేదని నన్ను నిలదీస్తున్నావా? సిగ్గుందా నీకు? ఇదొక్కటే అనుకున్నావా? నీ గాజు బీరువాలో ఒక్కటంటే ఒక్కటి కూడా తిరగదు. అన్నీ నేనే అరగదీశాను. వెళ్ళి చెప్పుకో నీ దాతలకి!"

నోరు జారింది. జారాక ఏం లాభం? ఇకిలింపు ఆ మాటలన్నీ నెమ్మదిగా కాగితం మీద రాసుకున్నాడు. రాసుకుంటుంటే అతని మొహంలోకి మళ్ళీ నవ్వు వచ్చింది. ఆమె మెట్లు దిగేలోపే ఆఫీసులో ఫోన్లు మొదలయ్యాయి. తాళాలు బిగించిన మనిషి తాళంచెవుల్లో మోసం చేసిందని, ఆమెని గుమ్మంలోకి రానివ్వొద్దని, ఒక కంపెనీ వాళ్ళొచ్చి అన్ని ఇళ్ళకీ కొత్త తాళాలు వేస్తారని, వాటి తాళంచెవులు యథాప్రకారం ఆఫీసులో ఉంటాయని ఆ ఆడవాళ్ళకి ఒక్కొక్కరికీ చెప్పారు.

తాళాలక్క కొట్టుకి వెళ్ళలేదు. మొగుడి చేత సంచి పట్టించుకుని తిన్నగా నర్సు ఇంటికెళ్ళింది. విరిగిన ముక్క తాళంలో ఇరుక్కుంటే బయటి నుంచి ఆ తలుపు ఇంక తెరుచుకోదు. అంటే నర్సు డ్యూటీకి వెళ్తే తిరిగి ఇంట్లోకి రాలేదు, వెళ్ళకపోతే ఉద్యోగం ఉండదు. మొగుణ్ణి కింద నిలబెట్టి రెండో అంతస్తు ఎక్కి తలుపు తట్టింది.

"ఎవరు?"

"నేనే తల్లీ. ముక్క తీసేస్తాను, తలుపు తియ్యి."

తలుపు తెరుచుకోలేదు. పక్కనున్న కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. ఊచల వెనక నర్సు మొహం కనిపించింది. ఆమె కళ్ళు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

"ఆఫీసు నుంచి ఫోన్ చేశారక్కా. కంపెనీ తాళం వేస్తామన్నారు, వద్దన్నాను. వద్దంటే నా పేరు తీసేస్తామన్నారు. తీసేశారు. వకీలు కూడా ఇంక రాడట."

"వాళ్ళ మొహం మండా! ముందు తలుపు తియ్యి, మాట్లాడదాం."

నర్సు కదల్లేదు. "ఒకటి అడుగుతాను, తిట్టకు. ఆ రోజు మూడు తాళంచెవులూ నీ చేతిలోనే ఉన్నాయి. అందులో ఒకదాని అచ్చు తీసి నీ దగ్గర పెట్టుకున్నావా?"

తాళాలక్కకి చెంప మీద కొట్టినట్టయింది. ఎవరి కోసం పని పోగొట్టుకుందో, ఎవరి కోసం మోసగత్తె అనిపించుకుందో, ఆ మనిషే అడుగుతోంది. తిట్టు నాలుక చివరి దాకా వచ్చింది. ఊచల వెనక ఆ వంకర మణికట్టు కనిపించింది. తిట్టు మింగేసింది.

"తీయలేదు" అంది. "కానీ నేను తీయలేదంటే నువ్వు నమ్మాల్సిన పని లేదు. బాగా అడిగావు. మొదటి రోజే అడగాల్సింది."

"మరి ఎలాగక్కా?"

తాళాలక్క సంచిలోంచి కొత్త తాళాల పెట్టెలు కొన్ని తీసింది. అన్నీ సీలు విప్పనివే. స్క్రూడ్రైవరుతో పాటు ఊచల్లోంచి లోపలికి అందించింది. "నీకు నచ్చింది ఒకటి తీసుకో. మిగతావి వెనక్కిచ్చెయ్యి. తాళంచెవులు నాకు చూపించకు, దిండు కింద పెట్టు. తాళంచెవి దూరే గొట్టం ఒక్కటే నాకివ్వు, దాన్ని బయట నేను పట్టుకుంటాను. తలుపుకి లోపలి వైపున్న తాళం పెట్టె విప్పేదీ బిగించేదీ నువ్వే."

"నాకు రాదక్కా."

"మనుషులకి కుట్లు వేస్తావు, చెక్కకి మర బిగించలేవా? గడియ వేసే ఉంచు. ఎడమకి తిప్పు. ఎడమకి తల్లీ, అది కుడి! ఆ చేతుల్తోనేనా సూదులు గుచ్చుతావు? పాపం ఆ రోగులు!"

"తిట్టనన్నావు కదక్కా."

"నేనెప్పుడన్నాను?"

మధ్యాహ్నం దాకా సాగింది ఆ పని. తాళాలక్క చేసి ఉంటే టీ చల్లారేలోపు అయిపోయేది. గుమ్మం ముందు నేల మీద కూర్చుని, చేతులు దురదపెడుతుంటే ఒళ్ళో ముడుచుకుని, చెక్క అవతల మరలు జారిపడే చప్పుడు వింటూ, అరిచింది, బుజ్జగించింది, మళ్ళీ అరిచింది. పాత గొట్టం విరిగిన ముక్కతో సహా బయటికి ఊడిపడింది. కొత్తది ఊచల్లోంచి ఉత్తదే వచ్చింది, తాళంచెవి లేకుండా. దాన్ని కన్నంలో పెట్టి అరచేత్తో నొక్కి పట్టుకుంది. లోపల నర్సు ఒక్కో మరా బిగిస్తుంటే ఆ బిగింపు ఆమె అరచేతికి తెలుస్తోంది. ఇన్నేళ్ళలో ఎన్నో తాళాలు బిగించింది కానీ, తాళంచెవి ఎలా ఉంటుందో చూడకుండా బిగించిన తాళం ఇదొక్కటే. గర్వంగానూ ఉంది, ఏడుపూ వస్తోంది. ఏది ఎంతో ఆమెకే తెలీలేదు.

"అయిందక్కా" అంది నర్సు. "బయటి నుంచి తిప్పి చూసుకోవాలి."

"చూసుకో మరి."

నర్సు కిటికీ దగ్గరికొచ్చింది. తర్వాత చిన్న గొంతుతో, "నువ్వు కిందికి వెళ్ళక్కా. వీధిలోకి వెళ్ళి, నాకు కనబడేలా నిలబడు. అప్పుడు తలుపు తీస్తాను" అంది.

తాళాలక్క సంచి సర్దుకుంది. మోకాళ్ళు పట్టుకుని లేచి, మెట్లు దిగి, వీధి మధ్యలో మొగుడి పక్కన నిలబడింది. ఆయన ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు. పైన వీధి వైపు కిటికీలోంచి నర్సు ఆమెని చూసి వెనక్కి తగ్గింది. తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తాళంచెవి తిరిగింది. మళ్ళీ తిరిగింది. తలుపు మూసుకుంది, గడియ పడింది.

"ఇంక వెళ్ళక్కా" అని పైనుంచి గొంతు వినిపించింది. "నేను పడుకుంటాను."

తనని పొమ్మన్నవాళ్ళని తిట్టకుండా తాళాలక్క కదలడం ఆమె మొగుడు మొదటిసారి చూశాడు.